ఎగ్జిమా రోగి రక్తంలో గుండె జబ్బు ఆనవాళ్లు: గుర్తులా, కారణాలా?

తీవ్రమైన ఎగ్జిమా ఉన్నవారి రక్తంలో గుండె జబ్బుతో ముడిపడిన ప్రోటీన్లు ఎక్కువగా కనిపిస్తున్నాయని కొన్నేళ్లుగా పరిశోధకులు చెబుతున్నారు. ఈ ఒక్క వాక్యంలో నిజానికి మూడు వేర్వేరు మాటలు కలిసిపోయి ఉన్నాయి. ఎగ్జిమా చర్మంతో ఆగిపోయే జబ్బు కాదని, దాని ప్రభావం రక్తంలోనూ కనబడుతుందని మొదటి మాట. ఎగ్జిమా ఉన్నవారికి గుండె జబ్బులు ఎక్కువగా వస్తాయని రెండో మాట. రక్తంలో పెరిగిన ఆ ప్రోటీన్లే చర్మం జబ్బును గుండె దాకా మోసుకెళ్తున్నాయని మూడో మాట. మొదటిదానికి ఆధారాలు గట్టిగా ఉన్నాయి. రెండోదానికి ఆధారాలు ఉన్నాయి గానీ షరతులతో ఉన్నాయి. మూడోది ఇంకా తేలలేదు. మూడింటినీ ఒకే ముద్దగా చేసి చెబితే, దురదతో రాత్రిళ్లు నిద్రలేక సతమతమవుతున్న మనిషికి గుండె భయం కూడా తోడవుతుంది. అలాగని కొట్టిపారేస్తే, నిజంగా జాగ్రత్తపడవలసినవారికి ఆ సంగతి తెలియకుండా పోతుంది. అందుకే ఈ ముడిని ఒక్కొక్క పోగుగా విప్పి చూడాలి.

ముందుగా పేరు సంగతి చెప్పుకోవాలి, ఎందుకంటే మన వాడుకలో ఇక్కడే గందరగోళం మొదలవుతుంది. ఎగ్జిమాను చాలామంది తామర అనో, గజ్జి అనో అనేస్తుంటారు. తామర శిలీంధ్రం వల్ల, గజ్జి కంటికి ఆనని పురుగు వల్ల వస్తాయి. రెండూ ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాయి. ఎగ్జిమా అంటుకునేది కాదు. ఈ వ్యాసంలో ఎగ్జిమా అన్న ప్రతిచోటా వైద్యులు అటోపిక్ డెర్మటైటిస్ అని పిలిచే రకాన్నే ఉద్దేశించాను. సాధారణంగా చిన్నతనంలో మొదలై, కొందరిలో వయసుతోపాటు తగ్గిపోయి, మరికొందరిలో జీవితమంతా వస్తూ పోతూ ఉండే జబ్బు ఇది.

దీని మూలం చర్మం పైపొరలోని లోపంలోనూ, రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందించడంలోనూ ఉంది. చర్మపు పైపొరను బిగువుగా, తేమగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులో మార్పులు ఉన్నవారికి ఎగ్జిమా ముప్పు ఎక్కువని 2006లో తేలింది. ఆ పొర బలహీనపడినప్పుడు తేమ బయటికి పోతుంది, బయటి అలర్జీ కారకాలు, సూక్ష్మజీవులు లోపలికి చొరబడతాయి. వాటిని ఎదుర్కొనే క్రమంలో రోగనిరోధక కణాలు ఐఎల్-4, ఐఎల్-13, ఐఎల్-31 వంటి సైటోకైన్లను, అంటే కణాల మధ్య కబురు మోసే ప్రోటీన్లను విడుదల చేస్తాయి. వీటిలో ఐఎల్-31కి దురదతో నేరుగా సంబంధం ఉంది. ఐఎల్-4, ఐఎల్-13 ఫిలాగ్రిన్ తయారీని మరింత తగ్గించేస్తాయి కాబట్టి, పొర చెడితే వాపు (ఇన్‌ఫ్లమేషన్, అంటే రోగనిరోధక కణాలు రేపే మంట), వాపు పెరిగితే పొర ఇంకా చెడడం అనే విషవలయం ఏర్పడుతుంది. పైకి ఆరోగ్యంగా కనిపించే భాగాల్లో కూడా ఈ వాపు ప్రక్రియ సన్నగా నడుస్తూనే ఉంటుందని చర్మపు ముక్కల పరీక్షల్లో బయటపడింది. తీవ్రమైన ఎగ్జిమాలో శరీరపు చర్మంలో చాలా భాగం వాపుతో ఉన్నప్పుడు, అక్కడ తయారైన ప్రోటీన్లలో కొన్ని రక్తంలోకి చేరడం సహజమే.

ఇలా చేరినవాటిలో బాగా తెలిసినది సీసీఎల్17. దీనికే టార్క్ అని మరో పేరు. రోగనిరోధక కణాలను చర్మం వైపు పిలిచే ప్రోటీన్ ఇది. ఎగ్జిమా ఎంత తీవ్రంగా ఉంటే రక్తంలో ఇది అంత ఎక్కువగా ఉంటుంది, చికిత్స పనిచేస్తే తగ్గుతుంది. జపాన్‌లో 2008 నుంచి జబ్బు తీవ్రతను అంచనా వేయడానికి వైద్యులు ఈ పరీక్షను మామూలుగా వాడుతున్నారు. అంటే ఎగ్జిమా రక్తంలో కనబడుతుందన్న మొదటి మాటలో వివాదం లేదు.

గుండె ప్రస్తావన బలంగా వచ్చింది 2017లో. న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ వైద్య విద్యాసంస్థకు చెందిన ఎమ్మా గట్‌మన్-యాస్కీ బృందం సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించింది. ఒక మోస్తరు నుంచి తీవ్రమైన ఎగ్జిమా ఉన్న 59 మందిని, సోరియాసిస్ ఉన్న 22 మందిని, ఏ చర్మవ్యాధీ లేని 18 మందిని తీసుకుని, వారి రక్తంలో ఎన్నో ప్రోటీన్లను ఒకేసారి కొలిచారు. ఎగ్జిమా రోగుల్లో అలర్జీ తరహా ప్రోటీన్లతోపాటు, రక్తనాళాల పూడికలతో సంబంధం ఉన్నట్టు పేరుపడిన ఫ్రాక్టల్‌కైన్, సీసీఎల్8, ఎం-సీఎస్ఎఫ్, హెచ్‌జీఎఫ్ వంటివి కూడా పెరిగి ఉన్నాయి. గుండె జబ్బుతో సంబంధం ఉన్నట్టు అప్పటికే ఒప్పుకున్న చర్మవ్యాధి సోరియాసిస్. దానితో పోల్చినా ఎగ్జిమా వెనకబడి లేకపోవడమే ఈ ఫలితం అందరి దృష్టినీ ఆకర్షించడానికి కారణం.

ఈ ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలో తెలియాలంటే, కొలిచిన పద్ధతిని కాస్త అర్థం చేసుకోవాలి. ఒక్కో ప్రోటీన్‌కు రెండేసి యాంటీబాడీలను తయారుచేసి, ఒక్కోదానికి చిన్న డీఎన్ఏ తోకను తగిలిస్తారు. రెండు యాంటీబాడీలూ ఒకే ప్రోటీన్ అణువును పట్టుకున్నప్పుడు ఆ రెండు తోకలూ దగ్గరికొచ్చి ఒకదానికొకటి అతుక్కుంటాయి. అలా ఏర్పడిన డీఎన్ఏను పీసీఆర్ యంత్రంలో పెంచి లెక్కిస్తారు. ఒక్క మైక్రోలీటరు రక్తద్రవంతో 92 ప్రోటీన్లను ఒకేసారి కొలవగలగడం దీని గొప్పతనం. కానీ వచ్చే అంకెలు పోలికకు మాత్రమే పనికొచ్చే ప్రమాణంలో ఉంటాయి. రక్తంలో చక్కెర ఇన్ని మిల్లీగ్రాములు అని చెప్పినట్టు, ఫ్రాక్టల్‌కైన్ ఇంత దాటితే ముప్పు అని చెప్పే గీత ఇందులో లేదు.

ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. దీన్ని చాలామంది పట్టించుకోరని నా అభిప్రాయం. ఈ ప్రోటీన్లను తయారీదారులు కట్టలుగా కట్టి, ఒక కట్టకు వాపు అని, ఇంకో కట్టకు గుండె, రక్తనాళాలు అని పేరు పెడతారు. గుండె కట్టలో ఉన్న ప్రోటీన్లు ఎప్పుడో ఎక్కడో ఒక పరిశోధనలో గుండె జబ్బుతో కలిసి కనిపించినవే తప్ప, గుండెలో తయారైనవో, గుండెకే పరిమితమైనవో కావు. వాటిలో చాలా భాగం రోగనిరోధక కణాల నుంచి వచ్చేవి. ఏ వాపు జబ్బులోనైనా పెరగగలవు. కాబట్టి ఎగ్జిమా రోగిలో గుండె ప్రోటీన్ పెరిగిందన్నప్పుడు, గుండె అన్న మాట కట్ట మీద రాసిన పేరు నుంచి వచ్చిందే గానీ రోగి గుండెను పరీక్షించగా వచ్చింది కాదు. ఆ 99 మందిలో ఎవరికి తర్వాత గుండెపోటు వచ్చిందో చెప్పడం ఆ అధ్యయనం లక్ష్యం కూడా కాదు. ఒకే సమయంలో తీసిన రక్తం అది.

అయినా ఆ పేర్లను ఉత్త పేర్లని తోసిపుచ్చలేం. ఒక్కో ప్రోటీన్ చేసే పనిని చూస్తే సంబంధానికి అవకాశం ఉందనే అనిపిస్తుంది. ఫ్రాక్టల్‌కైన్ రక్తనాళాల లోపలి పొర మీద నిలబడి, రక్తంలో వెళ్తున్న మోనోసైట్లను, అంటే ఒక రకం తెల్ల రక్తకణాలను పట్టి ఆపుతుంది. దాన్ని అందుకునే గ్రాహకం లేని ఎలుకల్లో ధమనుల పూడికలు తక్కువగా ఏర్పడ్డాయని 2003లో కనుగొన్నారు. ఎం-సీఎస్ఎఫ్ ఆ మోనోసైట్లను మాక్రోఫేజ్‌లుగా, అంటే ధమని గోడలో కొవ్వును మింగి ఉబ్బిపోయే కణాలుగా మారుస్తుంది. ఇది లేని ఎలుకల్లోనూ పూడికలు బాగా తగ్గాయి. హెచ్‌జీఎఫ్ కథ వేరు. రక్తనాళపు లోపలి పొర దెబ్బతిన్నప్పుడు దాన్ని బాగుచేయడానికి తోడ్పడే ప్రోటీన్ ఇది. ఇలాంటిది రక్తంలో పెరిగితే జరుగుతున్న హానికి గుర్తు అనుకోవాలా, ఆ హానిని సరిదిద్దే ప్రయత్నం అనుకోవాలా? మంటలు ఉన్నచోట అగ్నిమాపక వాహనాలు కనిపిస్తాయి గానీ మంటలకు అవి కారణం కావు. ఒకే జాబితాలో పక్కపక్కనే ఉన్న రెండు ప్రోటీన్లలో ఒకటి హాని చేసేది, ఇంకొకటి మరమ్మతు చేసేది అయి ఉండవచ్చు. పెరిగినవన్నీ చెడ్డవేనని లెక్కగట్టడం సరికాదు.

ఎగ్జిమాకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. ధమనుల పూడికను రోగనిరోధక శాస్త్రజ్ఞులు చాలాకాలంగా టీహెచ్1 అనే తరహా రోగనిరోధక కణాల పనిగా చూస్తూ వచ్చారు. ఎగ్జిమా ప్రధానంగా దానికి ఎదురు తరహా అయిన టీహెచ్2 జబ్బు. టీహెచ్2కు చెందిన ఐఎల్-13 ఎలుకల్లో పూడికలు నిలకడగా ఉండడానికి సాయపడిందని కూడా ప్రయోగాలు చూపాయి. ఆ లెక్కన ఎగ్జిమా గుండెకు మేలు చేయాలి. కానీ 2011లో జర్మనీ శాస్త్రజ్ఞుల బృందం ఒకటి, ఎగ్జిమాకు గుర్తుగా చెప్పుకున్న ఆ సీసీఎల్17నే తయారుచేసే డెండ్రిటిక్ కణాలనే రోగనిరోధక కణాలు ధమనుల గోడల్లో ఉంటాయని, అవి వాపును అదుపు చేసే నియంత్రక టీ-కణాలను అణచివేసి పూడికలను పెంచుతాయని, సీసీఎల్17 లేని ఎలుకల్లో పూడికలు తగ్గాయని చూపింది. చర్మంలో దురద జబ్బుకు కొలబద్దగా వాడుతున్న ప్రోటీన్‌కు ధమని గోడలోనూ ఒక పాత్ర ఉందన్నమాట. ఈ మొత్తం కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ ఫలితమే. ఎలుకలో నిజమైనది మనిషిలో నిజం కావాలని లేదు గానీ, చర్మానికీ ధమనికీ మధ్య దారి ఉందని అనుకోవడానికి ఇది కేవలం పేర్ల పోలిక కంటే గట్టి ఆధారం.

ఇక రెండో మాట. ప్రోటీన్లను పక్కనబెట్టి మనుషులనే లెక్కిస్తే ఏమవుతుంది? 2018లో లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ పరిశోధకులు బ్రిటన్ వైద్య రికార్డుల్లో ఎగ్జిమా ఉన్న 3,87,439 మంది పెద్దవారిని, ఎగ్జిమా లేని దాదాపు 15 లక్షల 28 వేల మందితో పోల్చి బీఎంజే పత్రికలో ఫలితాలు ప్రచురించారు. తీవ్రమైన ఎగ్జిమా ఉన్నవారిలో పక్షవాతం ముప్పు సుమారు 20 శాతం, గుండెపోటు, అస్థిర ఛాతీ నొప్పి, గుండె లయ తప్పడం, గుండె జబ్బుతో మరణం వంటివాటి ముప్పు 40 నుంచి 50 శాతం, గుండె వైఫల్యం ముప్పు దాదాపు 70 శాతం ఎక్కువగా ఉంది. పరిశీలించిన కాలంలో సగానికి పైగా జబ్బు చురుగ్గా ఉన్నవారిలో కూడా ముప్పు ఎక్కువే. స్వల్పమైన ఎగ్జిమాలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఈ శాతాలు చదివి కంగారుపడే ముందు, ఇవి పోలికలో పెరుగుదలలని గుర్తుంచుకోవాలి. ఉదాహరణకు ఒక వయసువారిలో వెయ్యిమందికి పదిమందికి గుండెపోటు వస్తుందని అనుకుందాం. ముప్పు 40 శాతం పెరిగితే అది పద్నాలుగు అవుతుంది. మిగిలిన 986 మందికి రాదు. ముప్పు అసలే తక్కువగా ఉన్న ఇరవై ఏళ్ల యువతికి ఈ పెరుగుదల దాదాపు ఏమీ కాదు. రక్తపోటు, పొగతాగే అలవాటు ఉన్న అరవై ఏళ్ల మనిషికి మాత్రం అదే శాతం బరువైనది.

పైగా తీవ్రత అన్న మాటను ఆ అధ్యయనంలో ఎలా నిర్ణయించారో చూడాలి. చర్మాన్ని ఎవరూ కొలవలేదు. రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడినవారిని, కాంతి చికిత్స తీసుకున్నవారిని, చర్మవైద్య నిపుణుల దగ్గరికి పంపినవారిని తీవ్రమైన జబ్బు ఉన్నవారిగా లెక్కించారు. ఆ మందుల్లోనే ఒక చిక్కు ఉంది. నోటి ద్వారా తీసుకునే స్టిరాయిడ్లు రక్తపోటును, చక్కెరను, బరువును పెంచుతాయి. రోగనిరోధక శక్తిని అణిచే మందు సైక్లోస్పోరిన్ రక్తపోటును పెంచుతుంది. గుండెకు హాని చేసింది జబ్బా, దానికి వాడిన మందా అన్నది విడదీయడం తేలిక కాదు. దురద వల్ల నిద్ర చెడుతుంది, చెమట పడితే మంట పుడుతుందని వ్యాయామం మానేస్తారు, దిగులు పెరుగుతుంది. ఇవన్నీ తమంతట తామే గుండెకు చేటు చేయగలవు. డెన్మార్క్‌లో 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో తీవ్రమైన ఎగ్జిమా ఉన్నవారికి గుండె ముప్పు ఎక్కువగా కనిపించినా, పొగతాగడం, ఇతర జబ్బులు, మందులు, ఆర్థిక స్థితి వంటివాటిని లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడా కనుమరుగైంది. అందుకే రెండో మాటకు షరతులు ఉన్నాయన్నాను. తీవ్రంగా, ఎడతెగకుండా ఉన్న ఎగ్జిమాకూ గుండె జబ్బుకూ సంబంధం కనబడుతోంది. ఆ సంబంధంలో వాపు వాటా ఎంత, జీవితం మీద జబ్బు మోపే భారం వాటా ఎంత అన్నది వేరు ప్రశ్న.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. రక్తంలో ఒక ప్రోటీన్ పెరిగి, దాంతోపాటు గుండె జబ్బు కూడా ఎక్కువగా కనబడితే ఆ ప్రోటీన్‌ను కారణం అనవచ్చా? దీనికి గుండె వైద్యం ఇప్పటికే ఒక పాఠం నేర్చుకుంది. వాపును కొలవడానికి అందరూ చేయించుకునే సీఆర్‌పీ పెరిగినవారికి గుండె జబ్బు ముప్పు ఎక్కువ. అయితే పుట్టుకతోనే జన్యువుల వల్ల సీఆర్‌పీ కాస్త ఎక్కువగా ఉండే మనుషులున్నారు. సీఆర్‌పీయే కారణమైతే వీరికి గుండె జబ్బు ఎక్కువగా రావాలి. లక్షకు పైగా మంది వివరాలతో 2011లో వచ్చిన విశ్లేషణలో అలా జరగలేదని తేలింది. సీఆర్‌పీ సాక్షి మాత్రమే, దోషి కాదు. ఇదే పద్ధతిలో 2012లో ఐఎల్-6 అనే సైటోకైన్‌ను అందుకునే గ్రాహకం జన్యువును పరిశీలించినప్పుడు, ఆ సంకేతాన్ని మందగింపజేసే జన్యు మార్పు ఉన్నవారికి గుండె జబ్బు తక్కువగా ఉందని బయటపడింది. సీఆర్‌పీ తయారీని కాలేయంలో పురిగొల్పేది ఈ ఐఎల్-6 సంకేతమే. ఒకే గొలుసులోని రెండు ప్రోటీన్లు, రక్తంలో రెండూ కలిసే పెరుగుతాయి, కానీ ఒకటి గుర్తు, మరొకటి కారణంలో భాగం. రక్తపరీక్షలో పెరిగిన అంకె ఒక్కటే ఈ తేడాను ఎన్నటికీ చెప్పలేదు. ఎగ్జిమా రోగుల్లో పెరిగిన ప్రోటీన్ల జాబితాలో ప్రతి పేరునూ ఇలాంటి పరీక్షకు నిలబెట్టవలసి ఉంది.

వాపును తగ్గిస్తే గుండెకు మేలు జరుగుతుందా అన్నదానికి కూడా జవాబు ఒకటి కాదు. 2017లో వెలువడిన కాంటోస్ ప్రయోగంలో, అంతకుముందు గుండెపోటు వచ్చి సీఆర్‌పీ ఎక్కువగా ఉన్న 10,061 మందిని తీసుకుని, కొందరికి ఐఎల్-1 బీటాను అడ్డుకునే కనాకినుమాబ్ ఇంజెక్షన్లు, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. కొలెస్ట్రాల్ ఏమాత్రం తగ్గకపోయినా, 150 మిల్లీగ్రాముల మోతాదు తీసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండె సంబంధ మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు మాత్రం పెరిగాయి. మరోవైపు, తీవ్రమైన ఎగ్జిమాలో కూడా వాడే మెథోట్రెక్సేట్‌ను తక్కువ మోతాదులో గుండె రోగులకు ఇచ్చి చూసిన సీర్ట్ ప్రయోగంలో ఐఎల్-1 బీటా గానీ, ఐఎల్-6 గానీ, సీఆర్‌పీ గానీ తగ్గలేదు, గుండె ప్రమాదాలూ తగ్గలేదు. వాపు అన్నది ఒకే మీట నొక్కితే ఆగిపోయే యంత్రం కాదు. ఏ దారిని మూశామన్నదే ముఖ్యం. ఐఎల్-4, ఐఎల్-13 సంకేతాలను అడ్డుకుని ఎగ్జిమాను చక్కగా అదుపు చేసే డుపిలుమాబ్ అమెరికాలో 2017 నుంచి అందుబాటులో ఉంది. అది రక్తంలో సీసీఎల్17ను బాగా తగ్గిస్తుంది. కానీ సీసీఎల్17 తగ్గడం, గుండెపోట్లు తగ్గడం ఒకటే అని ఇప్పుడే అనుకోలేం.

వైద్య మార్గదర్శకాలు ఈ తేడాను జాగ్రత్తగానే పాటిస్తున్నాయి. అమెరికా గుండె వైద్యుల 2018 కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో గుండె ముప్పును పెంచే వాపు జబ్బులకు ఉదాహరణలుగా సోరియాసిస్, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ వంటివాటిని చెప్పారు, ఎగ్జిమాను చెప్పలేదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ 2022లో పెద్దవారి ఎగ్జిమాతో ముడిపడిన ఇతర జబ్బుల్లో గుండె, రక్తనాళాల జబ్బులను ప్రస్తావించింది గానీ, వాటికున్న ఆధారాల బలాన్ని బట్టి ఆచితూచి మాట్లాడింది. ఈ ప్రోటీన్ల జాబితాను రోగికి పరీక్షగా రాయమని ఎవరూ చెప్పలేదు. అలాంటి పరీక్షను డబ్బు పెట్టి చేయించుకున్నా, వచ్చిన అంకెలతో ఏ వైద్యుడూ చికిత్స మార్చలేడు.

మార్చగలిగినవి వేరే ఉన్నాయి, అవి పాతవే: రక్తపోటు, ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్, చక్కెర, పొగాకు, బరువు, నిద్ర. ఏళ్ల తరబడి తీవ్రమైన ఎగ్జిమాతో బాధపడుతున్న పెద్దవారు, ముఖ్యంగా నోటి స్టిరాయిడ్లు మళ్లీమళ్లీ వాడవలసివచ్చినవారు, వీటిని క్రమంగా చూపించుకోవడం మంచిది. చిన్నపిల్లల మోచేతుల మడతల్లో అప్పుడప్పుడు వచ్చిపోయే ఎగ్జిమాను చూసి తల్లిదండ్రులు గుండె గురించి బెంగపడవలసిన పని లేదు.

మందుల ఎంపికలో మాత్రం గుండె సంగతి ఇప్పటికే లెక్కలోకి వచ్చింది. ఎగ్జిమాకు వాడే, రోగనిరోధక సంకేతాలను కణాల లోపల అడ్డుకునే జాక్ నిరోధకాలనే మాత్రల మీద గుండెపోటు, పక్షవాతం, రక్తం గడ్డకట్టడం గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పెట్టె కట్టిన హెచ్చరిక పెట్టించింది. దానికి ఆధారం ఎగ్జిమా రోగుల మీద జరిగిన ప్రయోగం కాదు. 50 ఏళ్లు దాటి, గుండె ముప్పు కనీసం ఒకటైనా ఉన్న రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ రోగులకు ఆ కోవకే చెందిన టోఫాసిటినిబ్ అనే మందు ఇచ్చి చూసిన ప్రయోగం. వయసు తక్కువగా ఉండే ఎగ్జిమా రోగులకు ఆ ముప్పు అంతే ఉంటుందని చెప్పలేం. కానీ గతంలో గుండెపోటు వచ్చిందా, పొగతాగుతారా, కాళ్లలో రక్తం గడ్డకట్టిందా అని చర్మవైద్యుడు అడిగినప్పుడు, దురదకూ దీనికీ ఏం సంబంధం అనుకోకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఏ మందు రాయాలన్నది ఆ జవాబును బట్టే నిర్ణయమవుతుంది.